జంట బంధాల నుంచి సమూహ బంధాలకు: పత్తి, మిర్చి మైదానాల నేపథ్యంలో నెట్‌వర్క్ సిద్ధాంత విస్తరణ

వ్యాససంగ్రహం:
సంక్లిష్ట వ్యవస్థలను బిందువులుగా, వాటిని కలిపే రేఖలుగా చిత్రించి అధ్యయనం చేసేది నెట్‌వర్క్ సిద్ధాంతం. ఒక రేఖ ఇద్దరిని మాత్రమే కలుపుతుంది. సమాజంలోనూ ప్రకృతిలోనూ అనేక సంబంధాలు ముగ్గురి మధ్య, అంతకు మించిన వారి మధ్య ఏకకాలంలో ఏర్పడతాయి. వాటిని జంటలుగా విడదీస్తే అసలు స్వభావం పోతుంది. ఈ లోపాన్ని సవరించడానికి రూపొందిన హైపర్‌గ్రాఫ్ పద్ధతిని గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి, మిర్చి సాగులోని రుణ సంబంధాల ద్వారా, కీటక సంబంధాల ద్వారా ఈ వ్యాసం వివరిస్తుంది. సమాచార సేకరణ దశలోనే జంటలుగా నమోదైన సంబంధాల నుంచి సమూహ బంధాన్ని తిరిగి రాబట్టడం సాధ్యం కాదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నెట్‌వర్క్ సిద్ధాంతం, హైపర్‌గ్రాఫ్, సమూహ బంధం, కారక సంబంధం, కౌలు సాగు, రుణ బంధం, పత్తి, మిర్చి.

1. ఉపోద్ఘాతం:
గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూములలో పత్తి, మిర్చి ప్రధాన వాణిజ్య పంటలు. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజన తరువాత ఈ మైదానం గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాలలో విస్తరించి ఉంది. ఈ రెండు పంటలకూ పెట్టుబడి ఎక్కువ, చీడపీడలూ ఎక్కువే. ధర నిలకడగా ఉండదు. 1987-88లో పత్తి దెబ్బతిన్నప్పుడు ఈ ప్రాంతంలో, ముఖ్యంగా ప్రకాశం జిల్లాలో, రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కలచివేశాయి. అప్పటి నుంచి ఈ సంక్షోభానికి కారణాన్ని ఒక్కొక్కరు ఒక్కొక్క చోట చూపుతూ వచ్చారు. కొందరు పురుగును, కొందరు మందును, కొందరు వడ్డీని, మరికొందరు ధరను కారణంగా పేర్కొన్నారు. ప్రతి వాదంలోనూ సత్యం ఉంది. అయితే ఈ కారణాలు ఒకదానితో ఒకటి ముడిపడిన తీరును వివరించడానికి తగిన పరికరం అవసరం. ఆ పరికరం కోసం నెట్‌వర్క్ సిద్ధాంతం వైపు చూడవచ్చు. కానీ దాని సంప్రదాయ రూపం ఈ పనికి చాలదు. ఎందుకు చాలదో, దానిని ఎట్లా విస్తరించారో తెలుసుకోవడం సామాజిక శాస్త్ర పరిశోధకులకే కాక, భాషా సాహిత్య పరిశోధకులకూ ఉపయుక్తం.

2. నెట్‌వర్క్ సిద్ధాంతం - మూల భావన:
1736లో లియోన్‌హార్డ్ ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ నగరంలోని ఏడు వంతెనల సమస్యను పరిష్కరించాడు. ఏ వంతెననూ రెండవసారి దాటకుండా అన్నింటినీ దాటి రావడం సాధ్యమా అన్నది ప్రశ్న. ఆయన వీధులను, దూరాలను పక్కన పెట్టి భూభాగాలను బిందువులుగా, వంతెనలను రేఖలుగా భావించి, అది అసాధ్యమని నిరూపించాడు. గ్రాఫ్ సిద్ధాంతానికి ఇదే ఆరంభం. 1959లో పాల్ ఎర్డోష్, ఆల్‌ఫ్రెడ్ రేనీ యాదృచ్ఛిక గ్రాఫ్‌లను అధ్యయనం చేశారు. 1998లో డంకన్ వాట్స్, స్టీవెన్ స్ట్రోగాట్జ్ ‘చిన్న ప్రపంచం’ నమూనాను, 1999లో ఆల్బర్ట్-లాస్లో బరబాషీ, రేకా ఆల్బర్ట్ కొన్ని బిందువులకే అత్యధిక రేఖలు చేరే నమూనాను ప్రతిపాదించారు. వీటితో రహదారులు, విద్యుత్ సరఫరా, స్నేహాలు, వ్యాధి వ్యాప్తి వంటి భిన్న విషయాలను ఒకే చట్రంలో చూడడం సాధ్యమైంది.

ఈ నమూనాలన్నింటికీ ఒక ఉమ్మడి నియమం ఉంది. ఒక రేఖ ఎప్పుడూ రెండు బిందువులనే కలుపుతుంది. వంతెనకు రెండు చివరలే ఉంటాయి కాబట్టి ఆయిలర్ సమస్యకు ఈ నియమం సహజంగా సరిపోయింది. మనుషుల ఒప్పందాలకు మాత్రం రెండు చివరలే ఉండాలన్న నియమం లేదు.

3. జంటలకు లొంగని సంబంధం:
ఈ విషయం వ్యాకరణ విద్యార్థులకు కొత్తది కాదు. “దుకాణదారు రైతుకు పురుగుమందును అప్పుగా ఇచ్చాడు” అన్న వాక్యంలో ‘ఇచ్చు’ అన్న క్రియ కర్తను, కర్మను, సంప్రదానాన్ని ఒకేసారి కోరుతుంది. దీనిని “దుకాణదారు మందు ఇచ్చాడు”, “రైతు మందు పుచ్చుకున్నాడు”, “దుకాణదారుకూ రైతుకూ లావాదేవీ ఉంది” అని మూడు జంటలుగా విడదీయవచ్చు. ఆ మూడూ నిజమే కావచ్చు. కానీ రైతు పుచ్చుకున్న మందు ఈ దుకాణదారు ఇచ్చినదేనా అన్నది ఆ మూడింటిలో ఎక్కడా లేదు. క్రియ కట్టిన ముడి విప్పగానే ఆ సమాచారం జారిపోయింది. అమెరికా తాత్త్వికుడు చార్లెస్ శాండర్స్ పియర్స్ దానక్రియను ఉదాహరణగా తీసుకొనే త్రిపద సంబంధాన్ని ద్విపద సంబంధాలుగా కుదించలేమని వాదించాడు. కారక వ్యవస్థ ఒక క్రియ చుట్టూ అనేక పదార్థాలను ఏకకాలంలో నిలుపుతుంది కాబట్టి భారతీయ వ్యాకరణ సంప్రదాయంలో ఈ దృష్టి మొదటి నుంచీ ఉన్నదని చెప్పవచ్చు.

నిత్యజీవితం నుంచి మరొక ఉదాహరణ చూడవచ్చు. మేడమెట్ల దగ్గర ఒకే దీపానికి కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి ఉంటాయి. ఏ స్విచ్చి నొక్కినా దీపం స్థితి మారుతుంది. రెండు స్విచ్చిలనూ ఇష్టం వచ్చినట్లు నొక్కుతూ ఉన్న సందర్భంలో కింది స్విచ్చి స్థితిని, దీపాన్ని మాత్రమే నమోదు చేస్తే ఆ రెండింటికీ ఏ సంబంధమూ కనబడదు. పై స్విచ్చిని, దీపాన్ని నమోదు చేసినా అంతే. స్విచ్చిలు రెండింటి మధ్య కూడా సంబంధం ఉండదు. మూడింటినీ కలిపి చూసినప్పుడు మాత్రం దీపం వెలుగుతుందో లేదో ప్రతిసారీ కచ్చితంగా చెప్పవచ్చు. మూడు జంటలలోనూ శూన్యంగా కనిపించిన సంబంధం ముగ్గురి కూడికలో సంపూర్ణంగా ఉంది.

4. హైపర్‌గ్రాఫ్ - నిర్మాణం:
రెండుకు మించిన బిందువులను ఒకే బంధంలో చేర్చడానికి అనుమతించే నిర్మాణమే హైపర్‌గ్రాఫ్. ఫ్రెంచి గణితవేత్త క్లోద్ బెర్జ్ 1970లో వెలువరించిన గ్రంథంతో ఇది ఒక శాఖగా స్థిరపడింది. సంక్లిష్ట వ్యవస్థల అధ్యయనంలో దీనికి ప్రాధాన్యం పెరిగింది మాత్రం ఇటీవలి కాలంలోనే. ఫెడెరికో బత్తిస్తోన్, సహ పరిశోధకులు 2020లో ప్రచురించిన విస్తృత సమీక్ష ఈ కృషిని ఒకచోట చేర్చింది. ఈ వ్యాసంలో ఇద్దరిని కలిపే రేఖను ‘జంట బంధం’ అని, ఎందరినైనా కలిపే బంధాన్ని ‘సమూహ బంధం’ అని వ్యవహరించడమైంది.

రెండింటి మధ్య భేదాన్ని ఉమ్మడి బాధ్యతా బృందాల ద్వారా స్పష్టం చేయవచ్చు. తాకట్టు పెట్టడానికి భూమి లేని కౌలు రైతులు నలుగురి నుంచి పదిమంది వరకు బృందంగా ఏర్పడి, పరస్పర పూచీతో బ్యాంకు రుణం పొందే పద్ధతి ఇది. ఐదుగురు రైతులు అట్లా చేరారనుకుందాం. వీరి సంబంధాన్ని జంటలుగా గీస్తే పది రేఖలు వస్తాయి. వేరొక ఊరిలో ఐదుగురు రైతులు బృందంగా కాక, ఇద్దరిద్దరుగా పది విడివిడి పూచీకత్తులు రాసుకున్నారనుకుందాం. అక్కడా పది రేఖలే వస్తాయి. రెండు చిత్రాలూ ఒక్కటే. ఒక రైతు బాకీ కట్టలేకపోయినప్పుడు భేదం బయటపడుతుంది. రెండవ ఊరిలో అతడి నాలుగు పూచీకత్తులు దెబ్బతింటాయి, మిగిలిన ఆరు నిలుస్తాయి. మొదటి ఊరిలో ఉన్నది ఒకే ఒప్పందం కాబట్టి ఆ భారం మొత్తం బృందం మీద పడుతుంది, మిగిలిన నలుగురి తదుపరి రుణం కూడా ప్రశ్నార్థకమవుతుంది. చిత్రం ఒకటే అయినా ఫలితాలు వేరు.

హైపర్‌గ్రాఫ్‌ను పట్టికగా రాయడం తేలిక. సాధారణ నెట్‌వర్క్ పట్టికలో అడ్డంగానూ నిలువుగానూ వ్యక్తులే ఉంటారు. హైపర్‌గ్రాఫ్ పట్టికలో అడ్డు వరుసలు వ్యక్తులవి, నిలువు వరుసలు ఒప్పందాలవి. ఏ వ్యక్తి ఏ ఒప్పందంలో ఉన్నాడో ఆ గడిలో 1 అని, లేనిచోట 0 అని నమోదు చేస్తారు. పై ఉదాహరణలో మొదటి ఊరికి ఒకే నిలువు వరుస, రెండవ ఊరికి పది నిలువు వరుసలు వస్తాయి.

దీనికి సన్నిహితమైన మరొక నిర్మాణం సింప్లీషియల్ కాంప్లెక్స్. ఒక సమూహం ఉంటే అందులోని ప్రతి ఉపసమూహమూ ఉండి తీరాలన్నది దీని నియమం. అంటే ముగ్గురి బంధం ఉన్నప్పుడు అందులోని మూడు జంటలూ స్వతంత్రంగా సంబంధం కలిగి ఉండాలి. ముగ్గురు మిత్రుల సంభాషణకు ఈ నియమం సరిపోవచ్చు. కౌలు రుణానికి సరిపోదన్న సంగతి తరువాతి భాగంలో స్పష్టమవుతుంది.

5. పంట రుణం - ఒక సమూహ బంధం:
1978లో ప్రణబ్ బర్ధన్, అశోక్ రుద్ర తూర్పు భారత గ్రామాల సర్వే ఆధారంగా భూమి, శ్రమ, రుణ సంబంధాలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయని చూపారు. పత్తి, మిర్చి మైదానాలలో ఈ పెనవేత మరింత చిక్కనిది. విత్తనం, ఎరువు, పురుగుమందు అమ్మే దుకాణదారు చాలా చోట్ల అప్పు ఇచ్చేవాడు కూడా. ఏ మందు కొట్టాలో సలహా చెప్పేదీ అతడే. కొన్ని సందర్భాలలో పంట కొనేదీ అతడే. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు సీజనుకు ముందే రైతుకు పెట్టుబడి సొమ్ము ఇస్తాడు. రైతు సరుకును ఆ ఏజెంటు కొట్టుకే తెస్తాడు. అసలు, వడ్డీ, కమీషన్ మినహాయించుకొని మిగిలినది రైతు చేతికి వస్తుంది. ధర లేనప్పుడు సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఆ నిల్వ మీద మరొక అప్పు తీసుకోవడం కూడా ఇక్కడ పరిపాటి.

ఈ సంబంధాన్ని జంటలుగా చూస్తే రైతుకు అందుబాటులో అనేక విడి మార్గాలు ఉన్నట్లు తోస్తుంది. వడ్డీ ఎక్కువైతే వేరొకచోట అప్పు తేవచ్చు, మందు ఖరీదైతే వేరే దుకాణంలో కొనవచ్చు, ధర తక్కువైతే వేరొకరికి అమ్మవచ్చు. వాస్తవంలో ఈ మూడూ ఒకే ఒప్పందంలోని మూడు షరతులు. మందు వేరే చోట కొంటే అప్పు పుట్టదు. సరుకు వేరొకరికి అమ్మితే వచ్చే ఏడాది పెట్టుబడి రాదు. వడ్డీ రేటును విడిగా పరిశీలించిన పరిశోధకునికి అది సాధారణంగానే కనిపించవచ్చు. అప్పుమీద ఇచ్చిన మందు ధరలోనో, తూకంలోనో, సరుకు ధరలోనో మిగిలిన వడ్డీ దాగి ఉండవచ్చు. ఏ ఒక్క రేఖ మీదా కనబడని భారం మొత్తం బంధం మీద ఉంటుంది.

కౌలు రైతు విషయంలో సమూహ బంధం మరింత ప్రస్ఫుటం. ఈ మైదానంలో కౌలు ఎక్కువగా రొక్కంలో, ముందే నిర్ణయించిన మొత్తంగా ఉంటుంది. పంట పోయినా కౌలు తగ్గదు. కౌలు రైతుకు బ్యాంకు రుణం అందించడానికి 2011లో ఆంధ్రప్రదేశ్ భూమి అధీకృత సాగుదారుల చట్టం రుణ అర్హత కార్డులను ప్రవేశపెట్టింది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందం ఆధారంగా హక్కు పత్రాన్ని కల్పించింది. ఈ పత్రానికి భూయజమాని అంగీకారం కావాలి. హక్కు పోతుందేమోనన్న అనుమానంతో చాలామంది యజమానులు సంతకానికి వెనుకాడతారు. అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకొని ఉంటే బ్యాంకు మరొక రుణానికి ముందుకు రాదు.

బ్యాంకు నుంచి కౌలు రైతుకు ఒక రేఖ గీస్తే సమస్య తీరుతుందన్నది జంట బంధాల దృష్టి. నిజానికి ఆ రేఖ విడిగా లేదు. బ్యాంకు, యజమాని, కౌలు రైతు, సర్వే నంబరు అన్న నాలుగింటి కూడికగానే ఆ రుణం ఉనికిలోకి వస్తుంది. ఇక్కడ సమూహం ఉన్నంత మాత్రాన బ్యాంకుకూ కౌలు రైతుకూ స్వతంత్ర సంబంధం ఉన్నట్లు కాదు. అందువల్ల దీనికి సింప్లీషియల్ కాంప్లెక్స్ కన్న హైపర్‌గ్రాఫ్ తగిన నమూనా. యజమాని తప్పుకోగానే బ్యాంకు రుణం అసాధ్యమై, దుకాణదారు అప్పు అనివార్యమవుతుంది. ఒక సమూహ బంధం కూలిన చోట మరొక సమూహ బంధం బిగుసుకుంటుంది.

6. పురుగు, మందు, మిత్రకీటకం:
సమూహ బంధం మనుషుల ఒప్పందాలకే పరిమితం కాదు. రెండు జీవుల మధ్య సంబంధాన్ని మూడవది మార్చివేయడాన్ని జీవావరణ శాస్త్రం ఉన్నత శ్రేణి పరస్పర చర్యగా గుర్తిస్తుంది. పత్తి చేనులో తెల్లదోమకు సహజ శత్రువులు ఉన్నాయి. అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, పరాన్నజీవులైన చిన్న కందిరీగలు దాని సంతతిని అదుపులో ఉంచుతాయి. 1980ల తొలి సంవత్సరాల నుంచి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు పత్తిలో విస్తృత వాడుకలోకి వచ్చాయి. కాయతొలుచు పురుగుల మీద అవి మొదట బాగా పనిచేశాయి. మందు, కాయతొలుచు పురుగు అన్న జంటను మాత్రమే చూస్తే అది విజయమే. అయితే అదే మందు తెల్లదోమకూ దాని శత్రువులకూ మధ్య ఉన్న సంబంధాన్ని తెంచింది. ఒక పురుగు కోసం కొట్టిన మందు మరొక పురుగు విజృంభణకు దోహదం చేసింది. 1980ల మధ్యలో ఈ జిల్లాల పత్తిని తెల్లదోమ ముంచెత్తింది.

అదే సమయంలో శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్లకు నిరోధకతను సంతరించుకుంది. 1987-88 సీజనులో ఎన్నిసార్లు కొట్టినా మందు పనిచేయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పురుగు నిరోధకతను మెకాఫెరీ, సహ పరిశోధకులు 1989లో శాస్త్రీయంగా నమోదు చేశారు. మందు పనిచేయని కొద్దీ రైతు మరింత మందు కొట్టాడు. మందు కొట్టిన కొద్దీ మిత్రకీటకాలు తగ్గాయి, నిరోధకత పెరిగింది, దుకాణంలో పద్దు పెరిగింది. కీటకాల బంధమూ రుణ బంధమూ ఇక్కడ ఒకే వస్తువు దగ్గర కలుస్తాయి. ఆ వస్తువు పురుగుమందు డబ్బా. చేనులో అది కీటక బంధంలో భాగం, దుకాణంలో రుణ బంధంలో భాగం. సలహా చెప్పేవాడు, అమ్మేవాడు, అప్పిచ్చేవాడు ఒకడే అయినప్పుడు ఈ రెండు బంధాలు ఒకదాని వేగాన్ని మరొకటి పెంచుతాయి. 2021-22లో మిర్చి పూతను నాశనం చేసిన నల్ల తామర పురుగు విషయంలోనూ రైతులు మందు మీద మందు మార్చి కొట్టి, ఖర్చు తడిసి మోపెడై నష్టపోవడం ఈ క్రమం ముగిసిపోలేదని తెలుపుతుంది.

7. సామూహిక మార్పు:
కొత్త అలవాటు ఒకరి నుంచి ఒకరికి అంటువ్యాధిలా పాకుతుందన్నది పాత నమూనా. ఇయాకోపో ఇయాకోపీని, జొవాన్ని పెత్రి, ఆలెన్ బరా, వీటో లటోరా 2019లో ప్రతిపాదించిన సామాజిక వ్యాప్తి నమూనాలో జంట ప్రభావంతో పాటు సమూహ ప్రభావం కూడా ఉంటుంది. ఇద్దరు మిత్రులు విడివిడిగా చెప్పడం వేరు, ఇద్దరూ కలిసి ఒకే చోట చెప్పడం వేరు. సమూహ ప్రభావం తగినంత బలంగా ఉన్నప్పుడు మార్పు క్రమంగా పెరగదు. ఆరంభంలో పాటించేవారి సంఖ్య ఒక హద్దుకు తక్కువైతే అలవాటు అంతరిస్తుంది, హద్దు దాటితే ఒక్కసారిగా విస్తరిస్తుంది.

మందు లేని సాగుకు ఈ వివరణ వర్తిస్తుంది. చుట్టుపక్కల అందరూ మందు కొడుతుంటే ఒక్క రైతు మానివేసినా అతడి చేనులో మిత్రకీటకాలు నిలవవు. ఖమ్మం జిల్లాలో భాగంగా ఉండి, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్న పునుకుల గ్రామం 2000ల తొలి సంవత్సరాలలో పురుగుమందులు లేని గ్రామంగా ప్రసిద్ధికెక్కింది. అక్కడా పత్తి, మిర్చి పంటలే, మందు అమ్మి అప్పిచ్చే దుకాణదారులే. కొద్దిమంది రైతులతో మొదలైన ప్రయత్నంలో స్వచ్ఛంద సంస్థ, మహిళా సంఘాలు, చివరకు పంచాయతీ భాగమయ్యాయి. వేపగింజల కషాయం, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలు వంటి పద్ధతులు చేనులో పురుగును అదుపు చేస్తే, మందుల ఖర్చు తగ్గడంతో అప్పు అవసరమూ తగ్గింది. ఒక సమూహ బంధాన్ని విడదీయడానికి మరొక సమూహ బంధం అవసరమైందని ఈ ఉదాహరణ వెల్లడిస్తుంది.

8. క్షేత్ర పరిశోధనకు సూచనలు:
ఒక సంబంధం జంటలదా, సమూహానిదా అని తేల్చడానికి సరళమైన పరీక్ష ఉంది. బంధంలోని ఒకరిని తొలగించి చూడాలి. మిగిలినవారి సంబంధం మునుపటిలాగే కొనసాగితే అది జంటల కూడిక. మారిపోతే సమూహ బంధం. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త గెయోర్గ్ జిమ్మెల్ 1908లోనే ఇద్దరి కూటమికి మూడవ వ్యక్తి చేరడం సంఖ్యా భేదం కాదనీ, స్వభావ భేదమనీ విశ్లేషించాడు.

ప్రశ్నావళి రూపకల్పనలో ఈ విచక్షణ కీలకం. “ఎవరి దగ్గర అప్పు తీసుకున్నారు?”, “మందు ఎక్కడ కొన్నారు?”, “పంట ఎవరికి అమ్మారు?” అన్న మూడు ప్రశ్నలకు వేర్వేరు గడులలో జవాబులు రాస్తే, ముగ్గురి పేర్లూ ఒకటే అయినా అది మూడు విడి లావాదేవీలుగానే లెక్కకు వస్తుంది. “ఈ అప్పు ఏ షరతుల మీద పుట్టింది? ఆ షరతులలో ఎవరెవరు ఉన్నారు?” అని ఒప్పందాన్ని ప్రమాణంగా తీసుకొని అడిగితే సమూహ బంధం నమోదవుతుంది. సమూహాల పట్టిక నుంచి జంటల పట్టికను ఎప్పుడైనా తయారు చేసుకోవచ్చు. జంటల పట్టిక నుంచి మాత్రం సమూహాలను నిశ్చయంగా రాబట్టలేము. ఐదుగురి మధ్య జంటలు పదే, ఇద్దరు మొదలు ఐదుగురి వరకు ఏర్పడగల సమూహాలు ఇరవై ఆరు.

దీనికి పరిమితులూ ఉన్నాయి. బిందువుల సంఖ్య పెరిగిన కొద్దీ సాధ్యమయ్యే సమూహాల సంఖ్య అపారమవుతుంది, గణన భారమవుతుంది. చేబదులు వంటి ఇద్దరి లావాదేవీలకు జంట బంధమే చాలు. ప్రతి గుంపునూ సమూహ బంధంగా భావించడం కూడా దోషమే. యార్డులో ఒకే రోజు సరుకు దించిన రైతులందరూ ఒకే ఒప్పందంలో ఉన్నవారు కారు.

9. ముగింపు:
నెట్‌వర్క్ సిద్ధాంతం హైపర్‌గ్రాఫ్‌గా విస్తరించడం గణిత సౌలభ్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఏ సంబంధాన్ని ఏకకంగా గుర్తిస్తామన్న దాని మీద సమస్యకు సూచించే పరిష్కారం ఆధారపడి ఉంటుంది. వడ్డీ ఒక్కదానినో, మందు ఒక్కదానినో, పత్రం ఒక్కదానినో సవరించే ప్రయత్నాలు పత్తి, మిర్చి మైదానాలలో ఆశించినంత ఫలితం ఎందుకు ఇవ్వడం లేదో ఈ దృష్టి కొంతవరకు వివరిస్తుంది. అవి ముడిలోని ఒక పోగును లాగుతాయి, ముడి అట్లాగే ఉంటుంది. ఒక రైతు మరణించినప్పుడు అధికారిక పత్రాలలో కారణానికి ఒకే గడి ఉంటుంది. యజమాని కౌలు, దుకాణం పద్దు, ఏజెంటు నోటు, పనిచేయని మందు, పడిపోయిన ధర కలిసి కట్టిన ముడికి ఆ గడిలో చోటు లేదు. ఆ చోటును పరిశోధకులు తమ పట్టికలలోనైనా ముందుగా కల్పించవలసి ఉంది.